వార్తల్లో పదం: వేపర్‌వేర్

ప్రకటన ఆర్భాటంగా వస్తుంది, సరుకు మాత్రం రాదు. రద్దయిందని కూడా ఎవరూ చెప్పరు. అలాంటి సాఫ్ట్‌వేర్‌కూ, వీడియో గేమ్‌కూ పెట్టిన పేరే వేపర్‌వేర్. వేపర్ అంటే ఆవిరి. 1980ల తొలినాళ్లలో అమెరికా సాఫ్ట్‌వేర్ రంగంలో పుట్టిన మాట ఇది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ ‘డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్’. 1996లో జనం ఎగబడి ఆడిన ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’కి కొనసాగింపుగా 3డి రెల్మ్స్ సంస్థ దీన్ని 1997లో ప్రకటించింది. మరుసటి ఏడాదే గేమ్ ఇంజిన్‌ను ‘క్వేక్ 2’ నుంచి ‘అన్‌రియల్’కు మార్చింది. ఇంజిన్ మారితే చేసిన పనిలో చాలా భాగం మళ్లీ మొదటికే. విడుదల ఎప్పుడని అడిగితే, పూర్తయినప్పుడేనని జవాబు. 2009లో డబ్బు కటకటతో తయారీ బృందాన్నే ఇంటికి పంపారు. చివరికి గేర్‌బాక్స్ సంస్థ చేతిలో పడి 2011 జూన్‌లో బయటికొచ్చింది. పద్నాలుగేళ్లు ఎదురుచూసినవారిలో చాలామందికి అది పాతబడిన సరుకులాగే కనిపించింది.

యూబీసాఫ్ట్ 2008లో చూపించిన ‘బియాండ్ గుడ్ అండ్ ఈవిల్ 2’ ఆలస్యంలో ఆ పద్నాలుగేళ్ల రికార్డును 2022లో దాటేసింది.

గేముల సంగతి అలా ఉంచితే, బందరు దగ్గరి గిలకలదిండి వాసులకు ఇలాంటి ఎదురుచూపు కొత్త కాదు. బందరు పోర్టుకు 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి, 2019లో చంద్రబాబునాయుడు, 2023లో జగన్‌మోహన్‌రెడ్డి ముఖ్యమంత్రుల హోదాలో కొబ్బరికాయలు కొట్టారు. మూడోసారి తర్వాత తపసిపూడి తీరంలో పనులు నిజంగానే కదిలాయి. అందుకే దీన్ని ఆవిరి సరుకు అనలేం, ఆలస్యమైన సరుకు అనాలి.