నాందేడ్ హజూర్ సాహిబ్‌కు మనం వెళ్లొచ్చా? లోపల ఏం ఉంటుంది, ఏం పాటించాలి

నిజామాబాద్, బాసర మీదుగా నాందేడ్ వెళ్లే రైలు ఎక్కితే మన బోగీలో కనీసం ఒక్క సిక్కు కుటుంబమైనా కనిపిస్తుంది. స్టేషన్ పేరే హజూర్ సాహిబ్ నాందేడ్. సిక్కులకు ఉన్న ఐదు తఖ్త్‌లలో ఒకటి ఈ ఊళ్లోనే ఉంది. మిగతావి అమృత్‌సర్, ఆనంద్‌పూర్, తల్వండీ సాబో, పట్నా. మనకు ఇంత దగ్గరలో ఉన్నా, బంధువుల ఇంటికో వ్యాపారం పనికో నాందేడ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది ఆ గేటు బయట నుంచే చూసి వచ్చేస్తారు. "మనల్ని లోపలికి రానిస్తారా? వెళితే సజ్దా చేయమంటారా? అన్నం తినొచ్చా?" అన్నవి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు. నేను వెళ్లి చూసింది, చదివి తెలుసుకున్నది కలిపి చెప్తాను.

రానిస్తారు. గేటు దగ్గర మతం అడగరు, పేరు అడగరు, టికెట్ లేదు. అడిగేవి మూడే: తల మీద గుడ్డ ఉండాలి, కాళ్లకు చెప్పులు ఉండకూడదు, ఒంటి మీద పొగాకు ఉండకూడదు.

తలకు రుమాలు కట్టుకోవడం మేలు. కొన్ని గురుద్వారాల్లో టోపీని ఒప్పుకోరు, క్యాప్ అయితే అసలే కుదరదు. ఆడవాళ్లకు హిజాబ్ గానీ దుపట్టా గానీ సరిపోతుంది. చెప్పులు జోడా ఘర్‌లో ఇస్తే టోకెన్ ఇస్తారు. అక్కడ చెప్పులు అందుకుని పెట్టేవాళ్లు జీతగాళ్లే అనుకోకండి, సేవ కోసం వచ్చిన పెద్ద పెద్ద వ్యాపారులు కూడా ఉంటారు. ఆ తర్వాత కాళ్లు కడుక్కుని లోపలికి. ఎండాకాలం మధ్యాహ్నం రాళ్లు కాలుతాయి, పొద్దున్నే వెళ్లండి.

పొగాకు సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. మనలో చాలామంది జేబులో జర్దానో గుట్కానో ఉంటుంది, అది ఉన్నట్టు కూడా గుర్తుండదు. సిక్కు ధర్మంలో పొగాకు పూర్తిగా నిషేధం. నోట్లో పెట్టుకోలేదు కదా, జేబులోనే ఉంది కదా అంటే కుదరదు. రూమ్‌లోనే వదిలేసి వెళ్లండి. నా లెక్కలో మన దక్కనీ ముసాఫిర్‌కు అక్కడ ఇబ్బంది వస్తే గిస్తే ఈ ఒక్క విషయంలోనే వస్తుంది.

ఇక సజ్దా. లోపల గురు గ్రంథ్ సాహిబ్ ముందు సిక్కులు నుదురు నేలకు ఆనిస్తారు, దాన్ని మత్థా టేకడం అంటారు. మీరు చేయాలని ఎవరూ బలవంతం చేయరు. గ్రంథం వైపు కాళ్లు చాపకుండా, ఫోన్ తీయకుండా ఒక పక్కన కూర్చుని కీర్తన విని లేచి రావచ్చు. బయటికి వచ్చేటప్పుడు కడా ప్రసాద్ ఇస్తారు. గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో చేసే హల్వా అది. తీసుకుంటే రెండు చేతులూ చాచి తీసుకోవాలి. వద్దనుకుంటే ముందే చేతులు జోడించి పక్కకు తప్పుకోవాలి గానీ, తీసుకుని పడేయడం చాలా తప్పు. తినడం విషయంలో దీన్ పరంగా సందేహం ఉంటే బయల్దేరే ముందే మీ మౌలానాను అడగండి, అది రిపోర్టర్ చెప్పే విషయం కాదు.

లంగర్ సంగతి వేరు. అది అందరికీ పెట్టే అన్నం. వరసగా నేల మీద కూర్చోవాలి, దాన్ని పంగత్ అంటారు. మన దస్తర్‌ఖాన్ అలవాటు ఉన్నవాళ్లకు కొత్తేమీ అనిపించదు. రోటీ వడ్డించేటప్పుడు రెండు చేతులు పట్టాలి. లంగర్‌లో వండేది శాకాహారం కాబట్టి హలాల్ ప్రశ్న రాదు. ఒక్క జాగ్రత్త: నిహంగుల డేరాల్లో ఝట్కా మాంసం వండే ఆచారం ఉంది. వేరే డేరాకు ఎవరైనా భోజనానికి పిలిస్తే ఏం వండారో అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ ఖర్చంతా ఎవరు పెడతారు? బీకామ్ చదివినవాణ్ని కాబట్టి నాకు మొదట వచ్చిన ప్రశ్న ఇదే. సిక్కుల్లో దస్వంధ్ అని ఉంది, సంపాదనలో పదో వంతు తీయాలి. మన జకాత్ 2.5 శాతం, అదీ నిసాబ్ దాటి ఏడాది పాటు మిగిలిన సొమ్ము మీద. దస్వంధ్ ఆదాయం మీద. రెండింటి లెక్కా వేరు, పోల్చి ఎవరిది ఎక్కువ అనడం సరికాదు. అయితే అక్కడ డబ్బు ఇవ్వడంతో పని అయిపోదు. పిండి పిసికేది, గిన్నెలు తోమేది కూడా చాలావరకు వచ్చిన భక్తులే. కూలి ఖర్చు ఆ మేరకు తగ్గిపోతుంది. మీరూ వెళ్లి నాలుగు పళ్లేలు కడగొచ్చు, కాదనరు. మన దర్గాల నిర్వాహకులకు పనికొచ్చే మాట ఒకటి: 2018లో కేంద్రం సేవా భోజ్ యోజన తెచ్చింది. నెలకు కనీసం 5,000 మందికి ఉచితంగా అన్నం పెట్టే సంస్థలు కొనే బియ్యం, పప్పు, పిండి, నెయ్యి, నూనె, చక్కెర మీద కేంద్రం వాటా జీఎస్టీని తిరిగి ఇచ్చే పథకం అది. గురుద్వారాలు, గుళ్లతో పాటు మసీదులు, దర్గాలకూ అందులో అర్హత పెట్టారు.

ఇప్పుడు చరిత్ర. ఇక్కడే మనవాళ్లు కాస్త ముడుచుకుంటారు, ఎందుకంటే అక్కడ వినిపించే కథలో మొఘలులు ఉంటారు. పదో గురువు గోవింద్ సింగ్ చివరి రోజులు గడిపిన చోటు ఇది. ఆయన పసిపిల్లలు ఇద్దరిని సిర్హింద్‌లో చంపించింది మొఘల్ ఫౌజ్‌దార్ వజీర్ ఖాన్. నాందేడ్‌లో గురువును కత్తితో పొడిచినవాడు పఠాన్. ఆ తర్వాత 1708 అక్టోబర్ 7న ఆయన కన్నుమూశారు. ఇక మనుషుల్లో గురువు ఉండరు, గ్రంథమే గురువు అని ఆయన ప్రకటించింది ఇక్కడే. ఇవి జరిగిన సంగతులు, దాచుకోవాల్సిన పని లేదు.

కానీ కథ అంతవరకే వింటే సగమే విన్నట్టు. ఆ పిల్లల్ని చంపొద్దని దర్బారులో ఎదురు చెప్పింది మలేర్‌కోట్లా నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్. సిక్కులు ఆ మాట ఈనాటికీ మర్చిపోలేదు, 1947లో పంజాబ్ అంతా రక్తం పారినా మలేర్‌కోట్లా ముస్లింల జోలికి ఎవరూ పోలేదు. గురువును మొఘల్ సైన్యం వెతుకుతున్నప్పుడు మాఛీవాడాలో ఆయన్ను పీర్ వేషంలో పల్లకీ మీద మోసుకుపోయి కాపాడింది నబీ ఖాన్, గనీ ఖాన్ అనే పఠాన్ అన్నదమ్ములు అని సిక్కులే చెప్పుకుంటారు. గురువు ఔరంగజేబుకు రాసిన జఫర్‌నామా కూడా ఫార్సీలోనే ఉంది. అసలు ఆయన దక్కన్ వచ్చింది బాద్‌షా బహదూర్ షా లష్కర్‌తో కలిసి. బాద్‌షా వచ్చింది బీజాపూర్, హైదరాబాద్‌లలో పాదుషానని ప్రకటించుకున్న తమ్ముడు కామ్ బఖ్ష్ మీదకు. అంటే ఈ కథలో మన ఊరి పేరు కూడా ఉంది.

ఇప్పుడున్న కట్టడం మహారాజా రంజిత్ సింగ్ 1832-37 మధ్య కట్టించింది. అప్పుడు నాందేడ్ నిజాం రాజ్యంలోదే. అదే కాలంలో దీవాన్ చందూలాల్ పిలుపు మీద లాహోర్ నుంచి సిక్కు ఫౌజు హైదరాబాద్ వచ్చింది. అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావ్‌నీ వాళ్ల వల్ల ఏర్పడిందే. వాళ్ల మనవలు, ముని మనవలు మనలాగే దక్కనీ మాట్లాడతారు. గురుద్వారా బోర్డు చట్టం కూడా 1956లో హైదరాబాద్ రాష్ట్రం చేసిందే, రాష్ట్రాలు విడిపోయాక అది మహారాష్ట్ర చేతికి వెళ్లింది. బోర్డులో ప్రభుత్వం నియమించే సభ్యుల సంఖ్య పెంచుతామని 2024లో మహారాష్ట్ర సర్కారు ముందుకొస్తే సిక్కులు గట్టిగా వ్యతిరేకించారు. వక్ఫ్ గొడవ చూస్తున్న మన పాఠకులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు దేవగిరి, అజంతా ఎక్స్‌ప్రెస్‌లు ఆ దారిలోనే పోతాయి. ఊళ్లో ఉర్దూతో పని జరిగిపోతుంది, ముస్లిం జనాభా బాగానే ఉంది, నమాజుకు మసీదు వెతుక్కునే బాధ లేదు. బోర్డు వాళ్ల యాత్రీ నివాస్‌లలో ఉండాలంటే ఆధార్ దగ్గర పెట్టుకోండి. దసరా, దీపావళి, హోలీ రోజుల్లో పంజాబ్ నుంచి జనం పోటెత్తుతారు, గది దొరకడం కష్టం. గుర్రాలతో, ఆయుధాలతో సాగే జులూస్ చూడాలంటే మాత్రం ఆ రోజుల్లోనే వెళ్లాలి, గది ముందే చూసుకుని.