‘కంగ్రాట్స్ రా’ అన్నాక ఏంటి?

మా బీటెక్ రూమ్మేట్‌కి డీఎస్సీలో టీచర్ ఉద్యోగం వచ్చింది. మూడో ప్రయత్నం. ఫోన్ చేసి ‘కొట్టేశాన్రా!’ అన్నాడు. నేను ల్యాప్‌టాప్ మీంచి కళ్లు తీయకుండానే ‘సూపర్ రా, పార్టీ ఎప్పుడు?’ అన్నా. అక్కడితో ఆగినా బాగుండేది. ‘పోస్టింగ్ ఏ మారుమూల ఇస్తారో చూసుకో’ అని కూడా అన్నా. ‘సరేలే, పనిలో ఉన్నట్టున్నావ్’ అని పెట్టేశాడు. ఆ తర్వాత వాడి నిశ్చితార్థం సంగతి నాకు వాట్సాప్ స్టేటస్ చూస్తే తెలిసింది!

నిజం చెప్పాలంటే, ఆ నెల మా ఆఫీసులో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. గవర్నమెంట్ జాబ్ అనగానే లోపల ఎక్కడో చురుక్కుమంది. అదే జాగ్రత్త చెప్తున్నట్టుగా బయటికొచ్చింది.

దీని మీద సైకాలజీలో పరిశోధనలే ఉన్నాయి. అమెరికా సైకాలజిస్ట్ షెల్లీ గేబుల్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, శుభవార్తకి మనం స్పందించే తీరును నాలుగు రకాలుగా చూశారు. ‘నాకు జాబ్ వచ్చింది’ అని ఫ్రెండ్ చెప్పాడనుకోండి...

* ‘వావ్! ఎలా జరిగింది, మొత్తం చెప్పు’ - ఆసక్తిగా సంతోషాన్ని పంచుకోవడం.
* ‘ఓ, గుడ్’ - ముక్తసరిగా మెచ్చుకోవడం.
* ‘జీతం తక్కువేమో కదా?’ - ఉత్సాహంపై నీళ్లు చల్లడం.
* ‘అది సరే, నా సంగతి విను’ - పట్టించుకోకపోవడం.

బంధానికి మేలు చేసేది మొదటిది ఒక్కటే. 2006లో ప్రేమ జంటలపై చేసిన మరో అధ్యయనంలో ఇంకో విషయం తేలింది. కష్టంలో ఎలా ఓదార్చారన్న దానికన్నా, మంచి జరిగినప్పుడు ఎలా స్పందించారన్నదే ఆ బంధం ఎంత బాగుందో ఎక్కువగా చెప్పిందట.

అలాగని నటించక్కర్లేదు. బిజీగా ఉంటే ‘పది నిమిషాల్లో నేనే చేస్తా, మొత్తం వినాలి’ అనండి. తప్పకుండా చేయండి. అసూయ కలిగితే కంగారు పడొద్దు, అది అందరికీ ఉండేదే. సలహా మింగేసి ఒక్క ప్రశ్న అడగండి. వింటూ ఉంటే వాళ్ల ఆనందం మనకీ అంటుకుంటుంది.

నేనూ అదే చేశా. వారం తర్వాత ఫోన్ చేసి, ‘ఆరోజు సరిగ్గా మాట్లాడలేదు, సారీ రా. రిజల్ట్ చూసినప్పుడు ఎక్కడున్నావ్?’ అని అడిగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘పొలంలో, నాన్న పక్కన’ అంటూ మొదలుపెట్టి నలభై నిమిషాలు చెప్పాడు. పెళ్లి డేట్ కూడా చెప్పాడు. ఈసారి స్టేటస్‌లో కాదు, ఫోన్‌లోనే.