కడబంతిలో కూర్చున్నవారికి ఒక మాట: మూతపడిన కంపెనీ ఆస్తుల అమ్మకంలో మీ హక్కులు

కొంతకాలం క్రిందట మా శాఖకు ఒక ఎరువుల డీలరు వచ్చారు. ఆయనకు సరుకు పంపే కంపెనీ మూతపడింది. ఆ కంపెనీ వద్ద ఆయన ధరావతు సొమ్ము ఉండిపోయింది. తిరిగి పంపిన సరుకు తాలూకు పైకం కూడా రావలసి ఉన్నది. "కోర్టువారు ఆస్తులన్నీ అమ్మి అందరికీ పంచుతారట గదా సార్, మాకూ పిలుపు వస్తుంది లెండి" అన్నారు ధీమాగా. క్లెయిములు దాఖలు చేసుకొనే గడువు ముగిసి అప్పటికే నెల దాటినదని నేను చెప్పవలసివచ్చింది. గడువును తెలిపిన ప్రకటన ఆయన దుకాణానికి నిత్యం వచ్చే దినపత్రికలోనే వెలువడింది.

రైతు సోదరులారా, డీలరు మిత్రులారా! ఇటువంటి వ్యవహారంలో పిలుపు ఇంటికి రాదు. మనమే వెళ్ళి మన పేరు నమోదు చేయించుకోవాలి.

అమ్మేది ఎవరు?

1956 నాటి కంపెనీల చట్టం క్రింద హైకోర్టు ఆదేశంపై, దాని పర్యవేక్షణలో అధికారిక లిక్విడేటరు కంపెనీ ఆస్తులను అమ్మేవారు. 2016లో దివాలా స్మృతి వచ్చిన తరువాత ఈ బాధ్యత జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలుకు సంక్రమించింది. దీనికి తెలంగాణ కొరకు హైదరాబాదులోను, ఆంధ్రప్రదేశ్ కొరకు అమరావతి పేరిటను పీఠాలు ఏర్పడినవి. కంపెనీ రిజిస్టర్డు కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి పీఠమే విచారిస్తుంది. మీ దుకాణం ఎక్కడ ఉన్నదనేది లెక్కలోనికి రాదు.

లిక్విడేషను ఉత్తర్వు వెలువడగానే కంపెనీ డైరెక్టర్ల అధికారాలు లిక్విడేటరు చేతికి వస్తాయి. అటుపిమ్మట ఆ కంపెనీపై మీ ఊరి కోర్టులో దావా వేయుటకు వీలులేదు. క్లెయిము దాఖలు చేయడమే మీకు తగిన మార్గం.

వడ్డన వరుస

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. లిక్విడేషనులో వడ్డించేవాడు ఎవరివాడూ కాడు. అతడు చట్టం చెప్పిన వరుసలోనే వడ్డిస్తాడు. ఆ వరుస స్థూలంగా ఇది.

మొదట ఈ ప్రక్రియకైన ఖర్చులు. తరువాత కార్మికులకు 24 నెలల బకాయిలు, వాటితో సమానంగా తమ తాకట్టును ఉమ్మడి రాశికి వదలుకొన్న ఋణదాతల బాకీలు. పిమ్మట ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు. ఆ తరువాత తాకట్టు లేని ఆర్థిక ఋణదాతలు. అటుపై ప్రభుత్వ బకాయిలు. వీరందరి తరువాతనే 'మిగిలిన బాకీలు'. అరువుపై పంట తోలిన రైతు, రావలసిన పైకం ఉన్న డీలరు సాధారణంగా ఈ బంతిలోనివారే. వారి వెనుక వాటాదారులు ఉంటారు.

దాపరికం లేకుండా చెప్పాలంటే, తాకట్టు ఉన్న బ్యాంకు మీకన్న ముందు బంతిలో కూర్చుంటుంది. కనుక మీ వరకు ఏమైనా చేరవలెనంటే ఆస్తులకు మంచి ధర పలకాలి.

ధర విషయంలో కోర్టు బాధ్యత

ఈ విషయంలో నవల్ఖా అండ్ సన్స్ కేసు గుర్తుంచుకోదగినది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి ఇది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. లిక్విడేషనులో ఉన్న ఒక కంపెనీ ఆస్తులకు 8,82,000 రూపాయల ధర అంగీకరించబడిన తరువాత మరొకరు 10 లక్షలు ఇస్తామని ముందుకు వచ్చారు. సుప్రీంకోర్టు 1969లో ఆ అమ్మకాన్ని నిలబెట్టలేదు. మోసమేమీ జరగకపోయినా, ధర తగినదా కాదా అని చూసుకొనవలసిన బాధ్యత కోర్టుపై ఉన్నదని స్పష్టం చేసింది. అయితే విస్తృత ప్రచారంతో, న్యాయమైన పోటీతో జరిగి ఆమోదం పొందిన అమ్మకాన్ని, తరువాత ఎవరో ఎక్కువ ఇస్తామన్నంత మాత్రాన రద్దు చేయరు. అభ్యంతరం ఉన్నవారు సకాలంలో చెప్పుకోవాలి.

మీ కాగితం ఏమి చెబుతున్నది?

ఇద్దరు మిరప రైతులను ఊహించండి. ఒకరు కంపెనీకి సరుకు అమ్మి పైకం కొరకు ఎదురుచూస్తున్నారు. రెండవవారు అదే కంపెనీ గిడ్డంగిలో బస్తాలు నిల్వ మాత్రమే చేసి రసీదు పొందారు. మొదటివారు కడబంతిలోని ఋణదాత. రెండవవారి బస్తాలు ఆయన సొత్తే. కంపెనీ ఆస్తులతో కలిపి వాటిని అమ్ముటకు వీలులేదు. ఈ తేడాను తేల్చేది రసీదే.

ధరావతు సంగతీ అంతే. అమ్మకాలు పెంచేందుకు నియమితమైన ఒక సంస్థ 21 శాతం వడ్డీ షరతుపై ఇచ్చిన ధరావతును ఆర్థిక ఋణంగా పరిగణించవచ్చునని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఆర్థిక ఋణమైతే రెండు బంతులు ముందుకు జరిగినట్లే. కనుక మీ డీలర్‌షిప్ ఒప్పందంలో వడ్డీ షరతు ఉన్నదేమో వెదకండి. అందరి ఒప్పందాలూ ఒకటి కావు. న్యాయవాదికి చూపించడం మంచిది.

మీరు కూడా కంపెనీకి బాకీ ఉన్నారా? మీకు రావలసినది 50,000, మీరు ఇవ్వవలసినది 30,000 అయితే, పరస్పర లావాదేవీలను సరిపెట్టి 20,000కు క్లెయిము నిలుస్తుంది. చెరకు రైతులు మరొకటి గమనించగలరు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజులలో ధర చెల్లించకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. ఆ వడ్డీని కూడా లెక్కకట్టి చూపండి.

క్లెయిముతో బిల్లులు, తూకం చీటీలు, ఖాతా నకలు జతపరచండి. పంపినట్లు ఋజువు దగ్గర ఉంచుకోండి. లిక్విడేటరు నిరాకరిస్తే, ఆ నిర్ణయం అందిన 14 రోజులలో ట్రిబ్యునలుకు అప్పీలు చేసుకోవచ్చు.

వేలంలో కొనదలచినవారికి

ఆస్తిని ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అమ్ముతారు. తరువాత లోపం చెప్పి ధర తగ్గించమనుటకు వీలుండదు. కనుక ముందుగా వెళ్ళి కళ్ళారా చూడండి. విద్యుత్ బకాయిలు, స్థలం పన్నులు ఎవరు చెల్లించాలో విచారించండి. మిగిలిన సొమ్ము గడువులో చెల్లించకపోతే అమ్మకం రద్దవుతుంది. అందుచేత అప్పు కావలసినవారు వేలం పాటకు ముందే బ్యాంకును సంప్రదించాలి.

చివరగా డీలరు మిత్రులకు ఒక మనవి. సరుకు పంపే కంపెనీ మూతపడినా మా వద్ద మీరు తీసుకొన్న అప్పు అలాగే ఉంటుంది. వాయిదా తప్పక ముందే పరిస్థితిని శాఖలో తెలియజేస్తే, నిబంధనల మేరకు గడువు సవరించే అవకాశం పరిశీలించగలము.

మా శాఖకు వచ్చిన ఆ డీలరు ఇప్పుడు, ఆలస్యాన్ని మన్నించవలసినదిగా ట్రిబ్యునలును వేడుకొనే స్థితిలో ఉన్నారు. ఆయన వద్ద బిల్లులన్నీ భద్రంగానే ఉన్నవి. పత్రికలో ఆ ఒక్క ప్రకటన మాత్రం చదవలేదు.