పాలకూర రైతులు నిలిపిన విగ్రహం

దేవుళ్లకు, నాయకులకు విగ్రహాలు పెట్టడం అందరూ ఎరిగిందే. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం క్రిస్టల్ సిటీలో పాలకూర రైతులు 1937లో ఒక కార్టూన్ బొమ్మకు విగ్రహం నిలిపారు. అతడే పొపాయ్ అనే ఒంటికన్ను నావికుడు.

ఎల్జీ సీగర్ అనే చిత్రకారుడు పత్రికలో వేసే బొమ్మల కథలోకి 1929లో పొపాయ్‌ను తెచ్చాడు. కొద్ది రోజులుండి పోవలసిన పాత్ర. పాఠకులు పట్టుబట్టడంతో కథానాయకుడయ్యాడు. డబ్బాలోని పాలకూర మింగగానే కండలు పొంగి, ఎంతటి బలశాలినైనా మట్టికరిపిస్తాడు.

1930లలో అక్కడ పంటలకు ధరల్లేక రైతులు చితికిపోయారు. పిల్లలు మొహం తిప్పుకొనే ఆకుకూరకు పొపాయ్ వల్లనే గిరాకీ పెరిగిందని ఆ రైతుల నమ్మకం. ఆ కృతజ్ఞతే విగ్రహమైంది.

మరుసటి యేడు, 1938లో, సీగర్ 43 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన గీసిన నావికుడు మాత్రం ఆ ఊళ్లో నిలిచే ఉన్నాడు.