గుర్తు మారినా గడప మారని ఊళ్లు

3,604. 27,466. 34,560. నంద్యాల అసెంబ్లీ స్థానంలో 2014, 2017, 2019 ఎన్నికల మెజారిటీలివి. మూడుసార్లూ ఢీకొన్నవి రెండే కుటుంబాలు: భూమా, శిల్పా.

2014లో భూమా నాగిరెడ్డిది ఫ్యాను (వైఎస్సార్‌సీపీ), శిల్పా మోహన్‌రెడ్డిది సైకిలు (తెలుగుదేశం). ఫ్యాను 3,604 ఓట్లతో గట్టెక్కింది. 2016లో నాగిరెడ్డి తెలుగుదేశంలోకి వెళ్లారు, మరుసటి ఏడాది మార్చిలో కన్నుమూశారు. ఆగస్టు ఉప ఎన్నికకు గుర్తులు తారుమారయ్యాయి. భూమా బ్రహ్మానందరెడ్డి సైకిలెక్కితే, మోహన్‌రెడ్డి ఫ్యాను కిందికి చేరారు. అయినా భూమా వారిదే గెలుపు, మెజారిటీ 27,466. ఇక కుటుంబానిదే బలమనుకునేలోపే 2019 వచ్చింది. రాష్ట్రంలో 175 సీట్లకు 151 ఊడ్చేసిన ఫ్యాను గాలిలో మోహన్‌రెడ్డి కుమారుడు రవిచంద్ర కిశోర్‌రెడ్డి 34,560 ఓట్లతో గెలిచారు.

ఆళ్లగడ్డ కథ ఇంకా గట్టిది. నాగిరెడ్డి భార్య శోభా నాగిరెడ్డి అక్కడ 1997లో సైకిలు మీద, 2009లో ప్రజారాజ్యం రైలింజను మీద, 2012లో ఫ్యాను మీద గెలిచారు. 2014 ఏప్రిల్ 24న రోడ్డు ప్రమాద గాయాలతో చనిపోయారు. పోలింగ్ మే 7న. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా పడుతుంది. వైఎస్సార్‌సీపీకి అప్పటికింకా ఆ గుర్తింపు లేదు. అందుకే ఈవీఎంలో ఆమె పేరు, పక్కన ఫ్యాను అలాగే ఉండిపోయాయి. లేని మనిషికి జనం 17,928 మెజారిటీ ఇచ్చారు. తర్వాతి ఉప ఎన్నికలో కూతురు అఖిలప్రియ ఏకగ్రీవం.

అమెరికాలో లెక్క తిరగేసి ఉంటుంది. 1848లో విగ్ పార్టీ తరఫున జాకరీ టేలర్ నెగ్గాక, డెమొక్రాట్లు, రిపబ్లికన్లు తప్ప మరొకరు అధ్యక్ష ఎన్నిక గెలవలేదు. 1992లో రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నా, 538 ఎలక్టోరల్ ఓట్లలో ఒక్కటీ రాలలేదు. చాలా రాష్ట్రాల్లో మొదటి స్థానంలో వచ్చినవారికే ఆ రాష్ట్ర ఎలక్టోరల్ ఓట్లన్నీ పోతాయి మరి. కొత్త పార్టీ పెట్టి లాభం లేదు కాబట్టి, నాయకులు ఉన్న రెండింటిలోనే కొట్లాడుకుంటారు. ఆ కొట్లాటను ప్రైమరీల్లో తేల్చేది ఓటర్లే.

మన దగ్గర తేల్చేది పార్టీ టికెట్ ఖరారు చేసే బీ-ఫారం. అది అధినేత చేతిలో ఉంటుంది. ఒక గుమ్మంలో దొరక్కపోతే నాయకుడు ఇంకో గుమ్మం తొక్కుతాడు, అనుచరగణం వెంటే నడుస్తుంది. తెలుగుదేశం 1982లో పుట్టి తొమ్మిది నెలల్లో గద్దెనెక్కిన రాష్ట్రంలో వేరే గుమ్మాలకు కొదవ లేదు.

పార్టీ పోటీ నుంచి తప్పుకుంటే ఏమవుతుందో కూడా నంద్యాల చూపింది. 1991లో కాంగ్రెస్ నేత పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఎంపీ కాదు, ఆరు నెలల్లో గెలవాలి. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అధినేత ఎన్టీఆర్ అభ్యర్థిని నిలపలేదు. నవంబరు ఉప ఎన్నికలో నంద్యాల లోక్‌సభ స్థానం పీవీకి ఇచ్చిన మెజారిటీ 5.8 లక్షలు, అప్పటికి దేశంలోనే రికార్డు. అదే కాంగ్రెస్‌కు 2017 అసెంబ్లీ ఉప ఎన్నికలో డిపాజిట్ కూడా దక్కలేదు.

మరి గడపదే పైచేయా? 2024లో నంద్యాల సైకిలు టికెట్ భూమా ఇంటికి రాలేదు, ఎన్.ఎం.డి. ఫరూక్‌కు వెళ్లింది. సైకిలు 12,333 ఓట్లతో గెలిచింది. కుటుంబం గుర్తును మార్చుకోగలదు, గుర్తు కూడా కుటుంబాన్ని మార్చుకోగలదు.