మీకు తెలుసా? పెరిగింది 41 సీసీలే!

చెన్నైకి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ తన హిమాలయన్ మోటార్‌సైకిల్ ఇంజిన్‌ను 411 సీసీ నుంచి 452 సీసీకి, అంటే పదో వంతు మాత్రమే పెంచింది. శక్తి మాత్రం 24 హార్స్‌పవర్ నుంచి దాదాపు 40కి చేరింది.

2023 నవంబరులో వచ్చిన ఈ ఇంజిన్‌లో సిలిండర్ వెడల్పు 78 నుంచి 84 మిల్లీమీటర్లకు పెరిగింది. పిస్టన్ కదిలే దూరం 86 నుంచి 81.5కు తగ్గింది. అందుకే అది నిమిషానికి 8,000 చుట్ల దాకా హాయిగా తిరుగుతుంది. రెండు వాల్వుల స్థానంలో నాలుగు, లిక్విడ్ కూలింగ్, ఆరో గేరు కొత్తగా చేరాయి. ఇన్ని చేరినా బండి బరువు 199 కిలోల నుంచి 196కు తగ్గడం మెచ్చుకోవాల్సిన పనితనం.

వెనక మనిషిని కూర్చోబెట్టుకుని తమిళనాడులోని కొల్లి కొండల 70 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కేవారికి హార్స్‌పవర్ కన్నా టార్క్ (తిప్పే బలం) ముఖ్యం. అది 32 నుంచి 40 న్యూటన్ మీటర్లకు పెరిగింది. అందులో 90 శాతం 3,000 చుట్లకే అందుతుందని కంపెనీ చెబుతోంది. మలుపు దాటగానే బండి ఈడ్చుకుంటూ పోకుండా లాగేది ఈ బలంతోనే.

పాత బండికి ఇంత బలం సైలెన్సర్ మారిస్తే రాదు. దాని మీద ఇద్దరు వెళ్లేటప్పుడు మాత్రం వెనక స్ప్రింగును బిగించి, టైరు గాలిని మాన్యువల్‌లో చెప్పినంత పెట్టించండి.