'ఎవర్స్' పదమునకు తోడైన విభక్తి యేది?

ఆంగ్లమున 'ఎవర్స్' అను విశేషణ మొకటి కలదు. ఇష్టము లేక విముఖుడై యున్నవాడని దాని భావము. లాటిను భాషలో పెడమొగము పెట్టుటను తెలుపు క్రియనుండి పుట్టినది గావున, దాని వెనుక 'ఫ్రమ్' అను విభక్తి వచ్చుటయే మిక్కిలి సమంజసమనియు, 'టు' వచ్చుట బహుళముగ కాన్పించుచున్నను అసాధువే యనియు, 1755లో వెలువడిన తన నిఘంటువున శామ్యూల్ జాన్సన్ శాసించెను. లోకము వినలేదు. పండితుల తీర్పులను లోకమెన్నడు విన్నది గనుక! 1926లో ఆంగ్లప్రయోగములపై గ్రంథము ప్రకటించిన ఫౌలర్, 'ఫ్రమ్' ఒక్కటే యొప్పని పట్టుబట్టుట అల్పజ్ఞానమునుండి జనించిన పాండిత్యప్రదర్శనమేయని తేల్చివేసెను. నేడు 'టు' సర్వత్ర రూఢము, 'ఫ్రమ్' అరుదు.

'కలహమునకు విముఖుడు' అని 'కు' చేర్చి పలుకు తెలుగువారికి ఇందు శ్రమ లేదు. అసలు చిక్కు 'అడ్వర్స్' అను జ్ఞాతిపదముతో వచ్చుచున్నది. ఇది ప్రతికూలమైన పరిస్థితులకును ఫలితములకును చెల్లునేకాని మనుష్యుల అయిష్టమునకు చెల్లదు. ఔషధము కలిగించు కీడునకు 'అడ్వర్స్' తగును. ఆ ఔషధమును మ్రింగనొల్లని రోగికి 'ఎవర్స్' తగును. సంశయము కలిగినపుడు పాఠకులు 'ఎవర్స్' వెనుక నిస్సంకోచముగ 'టు' వ్రాయవచ్చును.